క్యాన్సర్ భయంతో హార్మోన్ల పరీక్షలు: చేయించాల్సిన వాళ్లు వేరే ఉన్నారు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి వచ్చిన పేజీ చదివాను. నలభై దాటిన ప్రతి స్త్రీ ఏడాదికోసారి హార్మోన్ల పరీక్ష చేయించుకుంటే గర్భసంచి, అండాశయాల క్యాన్సర్లు ముందే బయటపడతాయని అందులో రాశారు. అది చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం తీసేది, మిషన్ మీద పెట్టేది, రిపోర్టు చేతికిచ్చేది మేమే కాబట్టి ఆ కాగితం చూసి ఎవరు బెంబేలెత్తిపోతారో, ఎవరు లేని ధైర్యం తెచ్చుకుని ఇంటికెళ్లిపోతారో రోజూ మా కళ్లముందే జరుగుతుంది.

ఆ పేజీ వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆ ముక్క కత్తిరించి పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఇందులో ఉన్నవన్నీ చేసేయండి అన్నారు. వాళ్లననడానికేం లేదు, పేపర్లో వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారు. ప్యాకేజీ పేరుతో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్, ప్రొజెస్టిరాన్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్, థైరాయిడ్ కలిపి, చివర్లో సీఏ-125 కూడా చేర్చి అమ్ముతున్నారు. సీఏ-125 అసలు హార్మోనే కాదు, అదొక ప్రొటీన్. అండాశయ క్యాన్సర్లో పెరుగుతుంది నిజమే, కానీ ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉన్నా, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లనే మామూలు గడ్డలున్నా, పొట్టలో టీబీ ఉన్నా, ఆఖరికి నెలసరి రోజుల్లో రక్తమిచ్చినా పెరగొచ్చు. బ్రిటన్లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి, ఏ లక్షణమూ లేనివాళ్లకి ఏటా ఈ పరీక్ష చేసినందువల్ల అండాశయ క్యాన్సర్ చావులు తగ్గలేదని 2021లో తేల్చారు. జబ్బు ఉందని తేలినవాళ్లకి మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికైతే అది మంచి పరీక్షే.

ఇక హార్మోన్ల సంగతి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్లలో ముఖ్యమైనది ఈస్ట్రడయాల్. నెలసరి వచ్చే వయసులో అది ఒక చోట నిలబడదు. నెలసరి మొదటి రోజుల్లో 30, 40 పీకోగ్రాముల దగ్గరున్నది అండం విడుదలయ్యే ముందు 200, 300 దాకా వెళ్లి మళ్లీ దిగుతుంది. మనిషి అదే, ఆరోగ్యమూ అదే. ఎన్నో రోజున రక్తం ఇచ్చారో తెలియకపోతే ఆ అంకె చూసి చెప్పగలిగింది ఏమీ లేదు, కానీ చాలాసార్లు ఆఖరి నెలసరి తేదీ రాయాల్సిన గడి ఖాళీగానే వస్తుంది. ఇంకోటి, జుట్టు రాలుతోందని ఇప్పుడు అందరూ బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారు. కొన్ని రకాల మిషన్లలో పరీక్ష జరిగే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు, అందువల్ల ఒంట్లో ఎక్కువ మోతాదు బయోటిన్ ఉంటే ఈస్ట్రడయాల్, టెస్టోస్టిరాన్ లేనంత ఎక్కువగా, అండాశయాలని పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్, గర్భం వస్తే పెరిగే హెచ్‌సీజీ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని మీద 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లని మాత్రలేమైనా వాడుతున్నారా అమ్మా అనడిగితే లేదనే అంటారు, జుట్టుకి కూడా ఏమీ వేసుకోవడం లేదా అని విడిగా అడిగితేగానీ ఆ పేరు బయటికి రాదు, ఎందుకంటే అది మందని వాళ్లు అనుకోరు. పెద్ద మోతాదు వాడేవాళ్లు డాక్టర్నడిగి రెండు మూడు రోజులు ఆపి రావడం మంచిది.

ఇంతా చెప్పి హార్మోన్లకీ ఈ క్యాన్సర్లకీ సంబంధం లేదని అంటున్నానేమో అనుకోకండి. చాలా ఉంది. గర్భసంచి లోపలి పొరకి వచ్చే క్యాన్సర్ ఎక్కువగా ఈస్ట్రోజెన్ వల్లే వస్తుంది. ఈస్ట్రోజెన్ ఆ పొరని పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ దానికి పగ్గం వేస్తుంది. పగ్గం లేకుండా ఏళ్ల తరబడి పెరిగితే ఆ పొరలో కణాలు దారి తప్పుతాయి. అందుకే పీసీఓడీ ఉండి మూడు నాలుగు నెలలకోసారి గానీ నెలసరి రాని అమ్మాయిలు పిల్లలు ఇప్పుడే వద్దులే అని ఊరుకోకుండా డాక్టర్‌ సలహాతో ప్రొజెస్టిరాన్ మాత్రలు వాడాలి. ముట్లుడిగాక అండాశయాలు పని ఆపేసినా ఈస్ట్రోజెన్ తయారవడం ఆగదు, ఒంట్లో కొవ్వే దాన్ని తయారుచేస్తుంది, లావు ఎక్కువైన కొద్దీ అదీ ఎక్కువవుతుంది. అమెరికాలో గర్భసంచి ఉన్నవాళ్లకి ఒట్టి ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చినప్పుడు ఈ క్యాన్సర్ పెరిగిందని 1975లోనే బయటపడింది, అప్పటి నుంచే ప్రొజెస్టిరాన్ కూడా కలిపి ఇస్తున్నారు. ఐరోపాలో ఆరోగ్యంగా ఉన్న స్త్రీల రక్తం ముందే తీసి దాచిపెట్టి, తర్వాత వాళ్లలో ఎవరికి ఈ క్యాన్సర్ వచ్చిందో చూసి 2008లో ఫలితాలు ఇచ్చారు. ముట్లుడిగినవాళ్లలో ఈస్ట్రోజెన్ బాగా ఎక్కువున్నవాళ్లకి, తక్కువున్నవాళ్లతో పోలిస్తే ముప్పు సుమారు రెండింతలుంది.

ఇదంతా నిజమే అయినా ఒక మనిషి రిపోర్టులో అంకె చూసి ఈమెకి క్యాన్సర్ ఉంది, ఈమెకి లేదు అని చెప్పడం కుదరదు. రెండింతలన్నది వేలమందిని కలిపి చూస్తే తేలిన లెక్క. ఎక్కువున్నవాళ్లలో కూడా చాలామందికి ఏమీ రాదు, తక్కువున్నవాళ్లలో కొందరికి వస్తుంది. పైగా ముట్లుడిగాక ఈస్ట్రడయాల్ ఎంత తక్కువకి పడిపోతుందంటే, మామూలు ల్యాబుల్లో ఉండే మిషన్లు అంత తక్కువని కచ్చితంగా కొలవలేవు. 12 ఉన్నా, 18 ఉన్నా ఆ తేడా జబ్బుదో మిషన్‌దో మేమూ చెప్పలేం.

రక్తపరీక్ష కంటే ముందు పట్టిచ్చేది వేరే ఉంది. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ బ్లీడింగ్ కనపడటం. ఒక్క చుక్కైనా సరే, ఒక్కరోజైనా సరే. ఆ వయసులో గర్భసంచి పొర క్యాన్సర్ వచ్చినవాళ్లలో పదికి తొమ్మిది మందికి ఈ బ్లీడింగ్ కనపడుతుంది. అలా కనపడిన ప్రతివాళ్లకీ క్యాన్సరని కాదు, వాళ్లలో పదికి తొమ్మిది మందికి వేరే కారణమే ఉంటుంది, కాబట్టి హడలిపోనక్కర్లేదు, కానీ ఆ పదోమనిషి ఎవరో స్కానింగ్ చేసి పొర మందం చూసి, నాలుగు మిల్లీమీటర్లు దాటితే ముక్క పరీక్షకి పంపితేగానీ తెలియదు. మా దగ్గర జరిగేది వేరు. అరవై ఏళ్ల పెద్దావిడ, ఆర్నెల్లుగా అప్పుడప్పుడు బట్టకి అంటుకుంటోందట, ఎవరికీ చెప్పుకోలేక, కోడలు అడిగితే వేడి చేసిందని చెప్పి, చివరికి హార్మోన్ల ప్యాకేజీకి వచ్చింది. అన్నీ రేంజిలో ఉన్నాయి. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ ‘‘హమ్మయ్య, ఏం లేదన్నమాట’’ అంది. బ్లీడింగ్ సంగతి ఆ తర్వాత మాటల్లో బయటపడింది. వెంట వచ్చిన కోడలిని పక్కకి పిలిచి, అమ్మా, ఈ రిపోర్టు పక్కన పెట్టండి, ఇవాళే గైనకాలజిస్టుకి చూపించండి అని నచ్చజెప్పి పంపాను. పరీక్షల డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, నార్మల్ అన్న రిపోర్టు చూసి ఆర్నెల్లు ఆగితే జబ్బు ఆగదు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ సంగతి మరీ అన్యాయం. మన దేశంలో 2022లో లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకి ఇది వచ్చిందని, ఎనభై వేల మందికి దగ్గరగా చనిపోయారని అంచనా. ఇది దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చేది. ఏ హార్మోన్ పరీక్షా దీన్ని పట్టుకోలేదు. ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష, వెనిగర్ లాంటి ద్రావణం రాసి కంటితో చూసే వీఐఏ పరీక్ష, ఎదిగే ఆడపిల్లలకైతే టీకా, వీటి గురించి మీ పేజీలో ఒక్క ముక్క లేదు.

ఇదే క్యాన్సర్ భయం మన దగ్గర ఇంకో పని కూడా చేయిస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని వెళ్తే ఉంచుకుంటే క్యాన్సరవుతుంది, తీసేద్దాం అంటారు, ఒక్కోసారి దాంతోపాటు అండాశయాలూ తీసేస్తారు. అలా తీయించుకున్న ముప్పై ఐదేళ్ల మనిషి రక్తం మిషన్ మీద పెడితే ఈస్ట్రడయాల్ అట్టడుక్కి, ఎఫ్‌ఎస్‌హెచ్ పైపైకి, అచ్చం వాళ్లమ్మ వయసు రిపోర్టు వస్తుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, పదేళ్లు తిరక్కుండా ఎముకలు గుల్లబారడం, ఇవన్నీ ఆ అంకెల వెనకే వస్తాయి. నిజంగా క్యాన్సర్ ఉండి తీస్తే అది ప్రాణం కోసం, తప్పదు. లేని క్యాన్సర్ పేరు చెప్పి తీస్తే ఆ మనిషికి పది పదిహేనేళ్ల హార్మోన్ పోతుంది, దాని గురించి అడిగే నాథుడు ఉండడు.

మరి ఆడవాళ్ల క్యాన్సర్లలో హార్మోన్ పరీక్ష తప్పనిసరిగా కావాల్సినవి లేవా అంటే ఉన్నాయి, మీరు రాయాల్సింది వాటి గురించి. అండాశయంలో గ్రాన్యులోసా కణాల గడ్డ అని ఒకటుంది, అరుదైనదే. అది తనే హార్మోన్లు తయారుచేస్తుంది. ముట్లుడిగినావిడ రక్తంలో ఈస్ట్రోజెన్ ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుండి, స్కానింగ్‌లో అండాశయంలో గడ్డ కనపడితే డాక్టర్లు ఆ గడ్డ వదిలే ఇన్హిబిన్ బి, ఏఎంహెచ్ అనే హార్మోన్ల పరీక్షలు రాస్తారు. ఈ గడ్డ తీసేశాక ఇరవై ఏళ్లకి కూడా తిరగబెట్టొచ్చు కాబట్టి ఆ పరీక్షలు జీవితాంతం చేయించుకుంటూ ఉండాలి. ఎనిమిదేళ్లు నిండని పిల్లకి రొమ్ములు పెరగడం, బ్లీడింగ్ రావడం జరిగినా ఒక్కోసారి వెనక ఇదే ఉంటుంది. మగ హార్మోన్ తయారుచేసే గడ్డలూ ఉన్నాయి. కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోయి, గడ్డం మీసం దట్టంగా వచ్చి, టెస్టోస్టిరాన్ 200 నానోగ్రాములు దాటితే పీసీఓడీ అని ఊరుకోకుండా వెతకాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైనది ముత్యాల గర్భం. గర్భం వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో పాజిటివ్ వస్తుంది, వాంతులు మామూలు కంటే ఎక్కువుంటాయి, కానీ లోపల బిడ్డ ఎదగకుండా మాయ మాత్రం నీటి బుడగల గుత్తిలా పెరిగిపోతుంది. డాక్టర్లు దాన్ని శుభ్రం చేసి తీసేస్తారు. చాలామందికి అంతటితో సరి. కానీ పూర్తి ముత్యాల గర్భమైతే వందకి పదిహేను ఇరవై మందిలో లోపల మిగిలిన కణాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి, కొందరిలో అది కోరియోకార్సినోమా అనే క్యాన్సరై ఊపిరితిత్తులకి, మెదడుకి పాకుతుంది. ఆ పెరిగే కణాలు బీటా హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని రక్తంలోకి వదులుతూనే ఉంటాయి, అందుకే వాటిని పట్టుకోగలుగుతున్నాం. మిగతా క్యాన్సర్లలో చాలావాటికి ముక్క తీసి చూస్తేగానీ మందు మొదలుపెట్టరు. దీనికి అలా కాదు, వరసగా వారాల తరబడి అంకె దిగకుండా నిలబడిపోయినా, పైకి వెళ్లినా ఆ రిపోర్టులు చూసే చికిత్స మొదలుపెడతారు. రక్తంలో హార్మోన్ అంకె మీద ఇంతగా ఆధారపడే క్యాన్సర్ ఇంకోటి నాకు తెలిసి లేదు.

మరి ఇంత విలువైన పరీక్షకి రమ్మంటే రారు. వారం వారం రమ్మంటారు డాక్టర్లు, అంకె ఐదు లోపుకి వచ్చి వరసగా అక్కడే ఉండేదాకా, ఆ తర్వాత కొన్నాళ్లు నెలకోసారి. పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి ఒకామె ఉండేది, అత్తగారు తోడొచ్చేవారు. మొదటి రిపోర్టు లక్ష దాటింది, తర్వాత వేలల్లోకి, వందల్లోకి దిగింది. 48 వచ్చిన రోజు అత్తగారు ‘‘లక్ష నుంచి యాభైకి వచ్చేసింది కదమ్మా, ఇంకా ఎందుకు, అసలే పిల్ల ఒంట్లో రక్తం లేదు, వారం వారం మీరు తీసేసుకుంటున్నారు’’ అన్నారు. ‘‘ఐదు లోపుకి రావాలండీ పిన్నిగారూ, అప్పటిదాకా నమ్మకం లేదు’’ అని చెప్పాను. తలూపారు, మళ్లీ రాలేదు. కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయి దగ్గుతూ వచ్చింది, అంకె మళ్లీ వేలల్లోకి ఎక్కేసింది. పెద్దాసుపత్రికి పంపారు, మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లు ఇచ్చారు, ఇప్పుడు బాగుంది. తక్కువ రిస్కులో ఉండగా దొరికితే దాదాపు అందరికీ నయమైపోయే క్యాన్సర్ ఇది, గర్భసంచి కూడా తీయక్కర్లేదు, తర్వాత పిల్లలూ పుడతారు. అలాంటి జబ్బుని చేజేతులా ముదరబెట్టుకుంటుంటే చూసి ఎలా ఊరుకోగలం?

మెథోట్రెక్సేట్ పేరు ఎత్తాక ఒక మాట చెప్పాలి, నేను ఉండేది భీమవరంలో కాబట్టి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఆ మందు పుట్టింది అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో, ఇక్కడే 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకి నాయకత్వం వహించిన చోట. ఆయన 1948లో పోయారు. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు అదే మందుతో పాకిపోయిన కోరియోకార్సినోమాని నయం చేశారు, ఒక గట్టి గడ్డగా ఉన్న క్యాన్సర్ మందులతోనే నయమైనది అదే మొదటిసారి. అప్పట్లో హెచ్‌సీజీని రక్తంలో కాదు, మూత్రంలో కొలిచేవారు. గడ్డలు కరిగిపోయి మనిషి లేచి తిరుగుతున్నా, ఆ హార్మోన్ పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. బాగున్న మనిషికి విషం ఎక్కిస్తున్నాడని ఆయన్ని ఉద్యోగంలోంచి పంపేశారు. తర్వాత చూస్తే అంకె సున్నా అయ్యేదాకా మందు తీసుకున్నవాళ్లే నిలిచారు, ముందే ఆపినవాళ్లకి జబ్బు తిరగబెట్టింది. ఇవాళ అంకె మామూలుకి వచ్చాక కూడా ఇంకో రెండు మూడు విడతల మందు ఇస్తున్నారంటే ఆయన పట్టుదల వల్లే. అత్తగారికి నేను చెప్పబోయిన మాట, ఒక మనిషి ఉద్యోగం పోగొట్టుకుని మరీ నిరూపించిన మాట, ఒకటే.

మా పనిలో వాళ్లకీ, చీటీ రాసే డాక్టర్లకీ కూడా ఒక విన్నపం ఉంది. ముత్యాల గర్భంలో హార్మోన్ మరీ లక్షల్లో ఉన్నప్పుడు మిషన్ కొలవలేక ఒక్కోసారి తక్కువ అంకె చూపిస్తుంది. చీటీ మీద ముత్యాల గర్భం అనుమానం అని ఒక్క ముక్క రాస్తే మేం శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ పెడతాం, అసలు అంకె బయటపడుతుంది. ఉత్త బీటా హెచ్‌సీజీ అని రాస్తే మామూలు గర్భమే అనుకుంటాం. ల్యాబ్ ల్యాబ్‌కీ మిషన్లు మారతాయి, అంకెలూ కొంచెం మారతాయి, కాబట్టి మొదట ఎక్కడ చేయించారో చివరిదాకా అక్కడే చేయించుకోవాలి. ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. వారం వారం పట్నం వచ్చిపోయే ఖర్చు, కూలి పోయిన రోజులు కలిపితే పేదవాళ్లకి పరీక్ష ఫీజు కంటే అదే ఎక్కువ. పీహెచ్‌సీలో రక్తం తీసి శాంపిల్‌ని జిల్లా ఆసుపత్రికి పంపి, అంకెని ఫోన్లో చెప్పే ఏర్పాటు ఒకటి చేస్తే, రాని మనిషికి ఆశా కార్యకర్త ద్వారా కబురు పెడితే, సగంలో మానేసేవాళ్లు తగ్గుతారు. టీబీ మందులకి ఇంటికెళ్లి పిలుచుకొస్తున్నారు కదా, దీనికీ అలాగే చేయొచ్చు.

మీరు ఆ పేజీని సరిదిద్దుతూ ఇంకోటి వేయాలని నా కోరిక. అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. నలభై దాటినవాళ్లందర్నీ ల్యాబుల చుట్టూ తిప్పకండి. ముట్లుడిగాక బ్లీడింగ్ కనపడినవాళ్లని, కలయిక తర్వాత బ్లీడింగ్ అవుతున్నవాళ్లని, పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం వారాల తరబడి తగ్గనివాళ్లని డాక్టర్ దగ్గరికి పంపండి. ఏ పరీక్ష కావాలో ఆ డాక్టరే రాస్తారు.

ఈ ఉత్తరం వేస్తే దీన్ని చదివేవాళ్లలో ముత్యాల గర్భం తీయించుకుని పరీక్షలు మధ్యలో ఆపేసినవాళ్లు ఉండొచ్చు. ఎన్ని నెలలైనా, ఏళ్లైనా పర్లేదు, పాత రిపోర్టులు ఉంటే పట్టుకుని, లేకపోతే ఉత్త చేతులతోనే, ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని బీటా హెచ్‌సీజీ చేయించుకోండి. డాక్టర్ సరే అనేదాకా మళ్లీ గర్భం రాకుండా చూసుకోండి, వస్తే అంకె దేనివల్ల పెరిగిందో తెలియకుండా పోతుంది. పరగడుపున రావక్కర్లేదు, తినే రావచ్చు, ఏ వేళకి వచ్చినా రక్తం తీస్తాం.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
భీమవరం